ఇంగ్లండ్‌లో మోటర్‌వే ముక్కను కౌన్సిల్ చేతికి తెచ్చుకోవాలంటే

మన దగ్గర బైపాస్ పడ్డాక ఊళ్ళోంచి పోయే పాత హైవేను ఆర్ అండ్ బీకి అప్పజెబుతారు కదా, ఇంగ్లండ్‌లోనూ పని దాదాపు అలాంటిదే. కాకపోతే మోటర్‌వేకి ముళ్ళు రెండుంటాయి, చాలామంది ఒకటి విప్పి పనైపోయిందనుకుంటారు.

ముందు మీ కౌన్సిల్ (అంటే అక్కడి స్థానిక ప్రభుత్వం) రోడ్ల బాధ్యత ఉన్న కౌన్సిలేనా అన్నది చూసుకోండి. కౌంటీ, జిల్లా అని రెండంచెలు ఉన్నచోట రోడ్లు కౌంటీవే, జిల్లా కౌన్సిల్‌కి ఉత్తరాలు రాసి లాభం లేదు.

మొదటి ముడి ట్రంక్ రోడ్ హోదా, అంటే కేంద్ర ప్రభుత్వం చూసుకునే ప్రధాన రోడ్డన్న హోదా. నేషనల్ హైవేస్ అనే ప్రభుత్వ కంపెనీ చేతిలో ఉన్న రోడ్డు కౌన్సిల్‌కి రావాలంటే 1980 హైవేస్ చట్టం సెక్షన్ 10 కింద రవాణా మంత్రి ఆర్డర్ ఇవ్వాలి, దీన్నే డీట్రంకింగ్ అంటారు. లండన్ గజెట్‌లోనూ స్థానిక పేపర్లోనూ ప్రకటన వేసి, అభ్యంతరాలకు కనీసం 6 వారాలు ఇస్తారు. వచ్చిన అభ్యంతరాలు వెనక్కి తీసుకోకపోతే వ్యవహారం పబ్లిక్ ఎంక్వయిరీ దాకా వెళ్ళొచ్చు, అందుకే పక్క కౌన్సిళ్ళతో ముందే మాట్లాడి పెట్టుకోండి.

రెండోది స్పెషల్ రోడ్ హోదా. ఇది ఉన్నంతకాలం రోడ్డు ఎవరిదైనా అది మోటర్‌వేనే: నడిచేవాళ్ళు, సైకిళ్ళు రాకూడదు. మాంచెస్టర్‌లో మాంకునియన్ వే, పోర్ట్స్‌మౌత్‌లో ఎం275 కౌన్సిళ్ళ చేతిలో ఉన్నా మోటర్‌వేలే. లండన్‌లో ఎం41 మాత్రం 2000లో నగర రవాణా సంస్థ ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్‌కి వెళ్ళాక ఎ3220 అయిపోయింది. కాబట్టి మీకు కావాల్సింది మరమ్మతుల బాధ్యత మాత్రమేనా, లేక బస్ స్టాపు, జీబ్రా క్రాసింగ్ కూడానా అన్నది మొదటే తేల్చుకోండి. రెండోదైతే ఈ హోదా తీసేసే ఆర్డర్ కూడా కావాలి.

ఇక్కడో చిక్కుంది. స్పెషల్ రోడ్ హోదా పోయిన రోడ్డు మీద వీధి దీపాలు ఒకదానికొకటి 200 గజాల లోపు దూరంలో ఉంటే, కౌన్సిల్ వేరే స్పీడ్ ఆర్డర్ ఇవ్వనంతవరకు గంటకు 30 మైళ్ళ లిమిట్ దానంతటదే వచ్చేస్తుంది. నిన్నటిదాకా 70లో పోయిన రోడ్డది! ఆ ఆర్డర్ కూడా అదే రోజు అమల్లోకి వచ్చేలా సిద్ధం చేసుకోండి.

అసలు టెన్షన్ మాత్రం వంతెనలతోనే. తారు పోయిందంటే మళ్ళీ వేయొచ్చు గానీ, లోపల ఇనుము తుప్పు పట్టిన ఫ్లైఓవర్ మీ నెత్తిన పడితే కౌన్సిల్ రోడ్ల బడ్జెట్ అంతా దానికే పోతుంది. అదే చట్టం సెక్షన్ 265 ప్రకారం రోడ్డుతోపాటు ఆస్తులూ బాధ్యతలూ కలిసే బదిలీ అవుతాయి, అందుకని సంతకం పెట్టకముందే ప్రతి కట్టడానికీ 6 ఏళ్ళకోసారి చేసే ప్రధాన తనిఖీ రిపోర్టు, డ్రాయింగులు, డ్రైనేజీ మ్యాపులు అడగండి. తనిఖీ గడువు దగ్గర పడి ఉంటే అది నేషనల్ హైవేస్‌నే తమ ఖర్చుతో చేయించి ఇమ్మనండి, మొహమాటపడకండి. పాత క్లెయిములు ఎవరు చూసుకోవాలి, మరమ్మతులకు ఎంత డబ్బిస్తారు అన్నవి కూడా కాగితం మీదే ఉండాలి.

తేదీ ఏప్రిల్ 1 పెట్టించుకోవడం మేలు. బడ్జెట్ సంవత్సరం ఆ రోజే మొదలవుతుంది, పైగా చలికాలానికి వ్యవధి ఉంటుంది. నవంబరులో తీసుకున్నారా, ఆ వారమే రోడ్డు మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లే లారీలు ఎక్కడ దొరుకుతాయో వెతుక్కోవాలి.