గడ్డిలో పూసే ఆర్కిడ్: జ్యూక్సైన్‌ను వెతికే తీరు, నిలిపే తీరు

ఆర్కిడ్ కోసం కొండెక్కాల్సిన పని లేదు. జ్యూక్సైన్ స్ట్రాట్యుమాటికా నేలమీదే, తేమ ఆరని పొట్టి గడ్డిలో బతుకుతుంది. ఎండపడే కాలువ గట్లు, వరిచేల గట్లు, తరచూ తడిపే లాన్లు దీనికి నచ్చే చోట్లు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెతకండి. నిలబడి చూస్తే కనబడదు, చాలా మొక్కలు జానెడు ఎత్తు కూడా ఎదగవు. గట్టు పక్కన కూర్చుని, పచ్చగడ్డి మధ్య గోధుమ, ఊదా కలిసిన రంగులో ఉన్న సన్నటి ఆకుల కోసం చూడండి. పూత లేనప్పుడు ఆ రంగే ఆనవాలు. ఆకుకు కాడ ఉండదు, మొదలు కాండాన్ని చుట్టుకుని ఉంటుంది. కొసన ఒత్తుగా కంకి, తెల్లటి చిన్న పూలు, ఒక్కో పువ్వులో పసుపు పెదవి (మిగతా వాటికి భిన్నంగా ఉండే రేకు). పది రెట్ల భూతద్దం ఉంటే ఆ పసుపు స్పష్టంగా తెలుస్తుంది. దీని బంధువైన మరో ఆర్కిడ్ స్పైరాంథెస్‌లో పూలు కాండం చుట్టూ మెలి తిరుగుతాయి.

ఫొటోలు మూడు కావాలి: పువ్వు ఎదురుగా, ఆకు మొదలు, చుట్టూ ఉన్న నేల. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు, ఆవాసం చెప్పేది అదే.

తవ్వి కుండీలో పెట్టకండి. ఆర్కిడ్ గింజలో దాచుకున్న ఆహారం ఉండదు, నేలలోని శిలీంద్రం అందిస్తేనే మొలుస్తుంది. కుండీ మట్టిలో ఆ శిలీంద్రం ఉంటుందన్న నమ్మకం లేదు. పైగా కాయలు పండాక పూసిన మొక్క ఎలాగూ ఎండిపోతుంది. అంటే కాపాడాల్సింది మొక్కను కాదు, నేలను.

లాన్‌లో కనిపిస్తే చుట్టూ ఒక అడుగు దూరంలో నాలుగు పుల్లలు గుచ్చి, అంతవరకు కోత ఆపండి. కాయలు గోధుమరంగుకు తిరిగి, పగిలి, పొడిలాంటి గింజలు రాలాకే కోయండి. అక్కడ కలుపుమందు, శిలీంద్రనాశిని వద్దు. యూరియా ఎక్కువైతే గడ్డి ఏపుగా పెరిగి దీన్ని కప్పేస్తుంది. నీళ్లు రోజుల తరబడి నిలవకూడదు. వచ్చే ఏడాది అదే చోట రాకపోతే నాలుగడుగుల అవతల కూడా చూడండి.

పరాగసంపర్కం లేకుండానే గింజ కట్టగలదు గనుక ఇది త్వరగా వ్యాపిస్తుంది. ఫ్లోరిడాలో 1930లలో బయటపడి, తర్వాత టెక్సస్ దాకా పాకింది. అక్కడి మనవాళ్ల పెరటి లాన్‌లో కనిపిస్తే చూసి ముచ్చటపడవచ్చు గానీ, ఆ నేలకు ఇది పరాయిది, పుల్లలు గుచ్చి కాపాడనక్కర్లేదు.