టార్టన్ నేత నేర్చుకుందాం – 3: పోగుల లెక్క, పేరు

టార్టన్ అంటే స్కాట్లాండ్ గళ్ళ గుడ్డ. దాని కోసం గత పాఠంలో ట్విల్ నేత చూశాం. పేక (అడ్డపోగు) రెండు పడుగు (నిలువు) పోగుల మీదుగా, రెండింటి కిందుగా పోతూ, వరుస వరుసకీ ఒక పోగు పక్కకి జరుగుతుంది. జీన్స్ గుడ్డ మీద కనిపించే ఏటవాలు గీతల్లాంటివే ఇక్కడా వస్తాయి. ఈసారి మగ్గం పక్కన పెట్టి పెన్సిలు పట్టుకోండి. కిల్టు (స్కాట్లాండ్ మగవాళ్ళు నడుముకి కట్టుకునే కుచ్చిళ్ళ లంగా) గుడ్డ చాలాసార్లు లెక్క చదివేటప్పుడే పాడవుతుంది.

నేర్చుకోడానికి వాలెస్ అనే స్కాటిష్ వంశపు టార్టన్ చక్కగా సరిపోతుంది. దాని లెక్క ఇది:

కె/4 ఆర్32 కె32 వై/4

కె అంటే నలుపు (బి నీలానిది), ఆర్ ఎరుపు, వై పసుపు, జి ఆకుపచ్చ. అంకె ఆ రంగు పోగుల సంఖ్య. అడ్డగీత పెట్టిన రెండు చివరలూ మలుపులు. మలుపు దాకా వచ్చాక అదే వరుసలో వెనక్కి నడవాలి, మలుపు పోగుల్ని మాత్రం రెండోసారి వేయకూడదు. అంటే 4 నలుపు, 32 ఎరుపు, 32 నలుపు, 4 పసుపు, 32 నలుపు, 32 ఎరుపు. మొత్తం 136 పోగులు, ఇది ఒక సెట్. తర్వాత మళ్ళీ 4 నలుపుతో మొదలు.

వెనక్కి తిరిగేటప్పుడు మలుపుని ఇంకోసారి వేస్తే పసుపు చార 8 పోగులవుతుంది, సెట్ 144కి పెరుగుతుంది. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు, అసలు గుడ్డ పక్కన పెడితే చార బండగా కనిపిస్తుంది. దీనికి తిరకాసు ఇంకోటుంది: కొన్ని పట్టికల్లో మలుపుకి సగం లెక్కే రాస్తారు. అందుకే ఏ లెక్క దొరికినా ముందు ఒక నమూనా గుడ్డ మీద భూతద్దం పెట్టి మలుపు చారని, దాని పక్క పట్టీని లెక్కపెట్టండి. వాలెస్‌లో పసుపు, పక్కనున్న నలుపులో ఎనిమిదో వంతు ఉండాలి. నాలుగో వంతు కనిపిస్తే ఎవరో మలుపుని రెట్టింపు చేశారన్నమాట. బుకానన్ లాంటి కొన్ని టార్టన్‌లకి మలుపులే లేవు. వాటి వరుస చివరికొచ్చాక మొదటి నుంచి మళ్ళీ నడుస్తుంది, వెనక్కి తిరిగితే డిజైనే మారిపోతుంది.

ఇక కొలత. అంగుళానికి 48 పోగులైతే 136 పోగుల సెట్ 2.8 అంగుళాలే. కిల్టుకి ఇది చిన్నది. అన్ని అంకెల్నీ రెండుతో గుణించండి: కె/8 ఆర్64 కె64 వై/8. 272 పోగులు, దాదాపు 5.7 అంగుళాలు. ఒక్క పట్టీనే పెంచి మిగతావి వదిలేస్తే అది వాలెస్ కాదు. పేకలోనూ అదే వరుస, అంగుళానికి అదే 48. పేకని గట్టిగా కొడితే గళ్ళు అణిగిపోయి నలుచదరం పోతుంది. గుడ్డ మూలని ఐమూలగా మడిచి చూడండి, పడుగు చారలూ పేక చారలూ ఒకదానిపై ఒకటి కూర్చోవాలి.

పేరు విషయంలో దుకాణాల మాట నమ్మకండి. మోడర్న్, ఏన్షియంట్, వెదర్డ్ అనేవి రంగు షేడ్‌లు మాత్రమే, లెక్క మారదు. ఏన్షియంట్ అంటే లేత రంగులు, పాతకాలపు గుడ్డ అని కాదు. హంటింగ్ వాలెస్ సంగతి వేరు, ఎరుపు స్థానంలో ఆకుపచ్చ వస్తుంది కాబట్టి అది మరో టార్టన్. వాలెస్ పాతకాలపుదన్న మాటకీ బలం తక్కువే. దాన్ని అచ్చులోకి తెచ్చిన 1842 నాటి ‘వెస్టియారియం స్కాటికం’ అనే పుస్తకం ఒక ప్రాచీన రాతప్రతి నుంచి వచ్చిందని చెప్పుకుంది, ఆ ప్రతిని పండితులు నకిలీగానే చూస్తారు. మధ్యయుగపు స్కాటిష్ వీరుడు విలియం వాలెస్ దీన్ని కట్టుకున్నాడనడానికి ఆధారం లేదు. ఆర్డరు రాసేటప్పుడు పేరు, షేడ్, పూర్తి లెక్క, సెట్ కొలత నాలుగూ రాయండి. 2009 నుంచి నడుస్తున్న స్కాటిష్ రిజిస్టర్ ఆఫ్ టార్టన్స్‌లో నమోదు సంఖ్య దొరికితే అదీ జోడించండి.

సాధన: హంటింగ్ వాలెస్, కె/8 జి64 కె64 వై/8, అంగుళానికి 40 పోగులు, నాలుగు సెట్ల వెడల్పు. ఏ రంగు ఎన్ని పోగులు?

జవాబు: నలుపు 544, ఆకుపచ్చ 512, పసుపు 32. మొత్తం 1088, మగ్గం మీద 27.2 అంగుళాలు. కుడి అంచు కూడా నలుపు మలుపుతో ముగియాలంటే మరో 8 నలుపు పోగులు కలపండి.