డిస్క్ నిండి డేటాబేస్ పాడైందా, ముందు ఏదీ డిలీట్ చెయ్యకండి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల మేత షాపుల్లో లెక్కంతా అరువు మీదే కదండీ, చెరువు పట్టాక డబ్బులిస్తారు, ఈలోగా ఎవరు ఎన్ని బస్తాలు పట్టుకెళ్లారో మొత్తం ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది. మొన్న వానల్లో అలాంటి ఒక షాపులో కరెంటు పోయి వచ్చాక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు, చూస్తే సి డ్రైవ్ ఎర్రగా నిండిపోయి ఉంది. వెనకాల లెక్కలు దాచే డేటాబేస్ ఎస్‌క్యూలైట్, అంటే మొత్తం డేటాని ఒకే ఫైల్‌లో పెట్టే సాఫ్ట్‌వేర్. మీదీ అదే అయితే ఇలా చెయ్యండి.

సాఫ్ట్‌వేర్ మూసెయ్యండి, మళ్లీ మళ్లీ ఓపెన్ చేసి చూడొద్దు. డేటాబేస్ ఫైల్ పక్కనే అదే పేరుతో, చివర జర్నల్ అనో వాల్ అనో ఇంకో ఫైల్ ఉండొచ్చు, జాగా కోసం చాలామంది ముందు దాన్నే తీసేస్తారు, దయచేసి ఆ పని చెయ్యకండి. వాల్ ఫైల్‌లో అయితే తాజాగా కొట్టిన బిల్లులు అసలు ఫైల్‌లోకి ఇంకా చేరకుండా అక్కడే ఉండొచ్చు, జర్నల్ అయితే సగంలో ఆగిన రాతని వెనక్కి తిప్పేది అదే, అది పోతే బాగున్న డేటాబేస్ కూడా పాడైపోద్ది. నిజానికి డిస్క్ నిండినంత మాత్రాన ఎస్‌క్యూలైట్ పాడవ్వదు, ఎర్రర్ ఇచ్చి ఆ ఎంట్రీని వెనక్కి తీసుకుంటుంది. కంగారులో మనం చేసే డిలీట్లే ప్రమాదం.

తర్వాత డేటాబేస్‌నీ దాని పక్క ఫైళ్లనీ కలిపి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చెయ్యండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, ఎన్‌టీఎఫ్‌ఎస్ చేసుకోవాలి. ఇక పనంతా ఆ డిస్క్‌లోనే, ఇంకో కాపీ తీసుకుని దాని మీద. సి డ్రైవ్‌లో రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, హైబర్నేట్ ఆఫ్ చేస్తే కొన్ని జీబీలు వస్తాయి, చాలు. వాక్యూమ్ (డేటాబేస్ ఫైల్‌ని కుదించి మళ్లీ రాసే కమాండ్) కొడితే సైజు తగ్గుతుందని ఎవరైనా చెప్తే ఇప్పుడు వినకండి, దానికి ఫైల్ సైజుకి రెండింతల దాకా ఖాళీ కావాలి.

కాపీ మీద ఇంటెగ్రిటీ చెక్ నడపండి, ఫైల్‌లో ఎక్కడ పాడైందో చూసి చెప్పే ఎస్‌క్యూలైట్ కమాండ్ అది. ఇండెక్స్‌లో (త్వరగా వెతకడానికి ఉండే పట్టికలో) రో, అంటే ఒక ఎంట్రీ వరుస, లేదు అనే ఎర్రర్లు మాత్రమే వస్తే ఆ ఇండెక్స్‌ని మళ్లీ కట్టే రీఇండెక్స్ కమాండ్‌తో సరిపోద్ది. అంతకు మించి ఉంటే ఎస్‌క్యూలైట్ కమాండ్ లైన్ టూల్‌లో, పాడైన ఫైల్ నుంచి దొరికినంత డేటా బయటికి తీసే డాట్ రికవర్ అనే కమాండ్ ఉంది, 2019లో 3.29 వెర్షన్‌తో వచ్చింది కాబట్టి పాత టూల్‌లో దొరకదు. దాని అవుట్‌పుట్‌ని టెక్స్ట్ ఫైల్‌గా సేవ్ చెయ్యకుండా పైప్ (ఒక కమాండ్ అవుట్‌పుట్‌ని ఇంకోదానికి ఇచ్చే | గుర్తు) పెట్టి నేరుగా కొత్త డేటాబేస్‌లోకి పంపండి, మధ్యలో ఆ పెద్ద ఫైల్ పడే జాగా మిగులుద్ది. ఏ టేబుల్‌వో తెలియని రోలు లాస్ట్ అండ్ ఫౌండ్ అనే టేబుల్‌లో పడతాయి, అది తప్పకుండా చూడండి, ఎవరో రైతు లెక్క అందులో ఉండొచ్చు. డిలీట్ చేసిన పాత ఎంట్రీలు కూడా ఒక్కోసారి తిరిగొస్తాయి, అందుకని ఒక పదిమంది ఖాతాలు రసీదు పుస్తకంతో పోల్చి చూసుకోండి, రైతుకి ఒక్క బస్తా ఎక్కువ రాసినా మాటపడాలి.

లెక్క కుదిరాక కొత్త ఫైల్‌కి పాత పేరు పెట్టి షాపు కంప్యూటర్‌లో పెట్టండి, పెట్టేముందు పాత జర్నల్, వాల్ ఫైళ్లు అక్కడ నుంచి వేరే ఫోల్డర్‌లోకి మార్చెయ్యండి, లేకపోతే అవి కొత్తదాన్నీ చెడగొడతాయి. పాడైన ఆ మొదటి కాపీని మాత్రం ఈ పట్టుబడి లెక్కలు తేలేదాకా తీసెయ్యకండి.