పసరు మందు ఎవరి దగ్గర, ఎంతవరకు: వానలు పడకముందే తేల్చుకోండి

మృగశిర కార్తె వచ్చిందంటే ఊళ్లలో జ్వరాలు, కామెర్లు, పాముకాట్లు మొదలవుతాయి. వాటి వెనకే "ఫలానా ఊళ్లో ఒకాయన పసరు పోస్తాడంట, హస్తవాసి మంచిదంట" అనే మాట కూడా వస్తుంది. ఇంట్లో మనిషి కళ్లు పచ్చబడి వాంతులు చేసుకుంటుంటే ఆ ఒకాయన ఎవరు, ఏం చదివాడు, గ్లాసులో ఏం పోస్తున్నాడు అని ఆరా తీసే తీరిక ఎవరికీ ఉండదు, ఆ టెన్షన్‌లో ముందు ఎవరు చెబితే వాళ్ల మాటే వింటాం. అందుకే వైద్యుణ్ని వెతుక్కునే పని అందరూ బాగున్నప్పుడే చేసి పెట్టుకోండి. మూలికలంటే నాకు నమ్మకమే, మా ఇంట్లో దగ్గుకు ఇప్పటికీ అడ్డసరం కషాయమే కాస్తాం. ఆ నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని మనుషుల ప్రాణాల మీదికి తెచ్చేవాళ్లను చూస్తేనే నాకు కోపం.

మొదట చదువు సంగతి. ఆయుర్వేద డాక్టరంటే బీఏఎంఎస్ చదివుండాలి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల కోర్సు అది, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. చీటీ మీద ఆ నంబరు లేకపోతే అడగండి, అడిగితే చిన్నబుచ్చుకునే డాక్టరు మీకు అక్కర్లేదు. "వంశపారంపర్య వైద్యులు" అని బోర్డు ఉన్నంత మాత్రాన రిజిస్ట్రేషన్ ఉన్నట్టు కాదు. రోడ్డు పక్కన టెంటు వేసి హిమాలయ మూలికలని అమ్మేవాళ్ల దగ్గర, బస్టాండులో పలకరించి "మీ మోకాళ్ల నొప్పికి నాకు తెలిసిన షాపుంది" అని వెంట తీసుకెళ్లి భస్మాన్ని గ్రాము లెక్కన తూచి వేలు గుంజేవాళ్ల దగ్గర అసలు ఆగకండి.

ఇక మందులో ఏముందని అడిగితే "చెబితే మందు పనిచేయదు" అనే జవాబు మన దగ్గర చాలా మామూలు. నా దృష్టిలో ఆ మాట వినగానే లేచి రావాలి. ముష్టి గింజలు, వత్సనాభి, గురివింద, ఉమ్మెత్త, నల్లజీడి ఇవన్నీ ఆయుర్వేదంలో వాడేవే, అయితే శుద్ధి సరిగా చేయకపోయినా మోతాదు కాస్త ఎక్కువైనా విషమే. మన మందుల చట్టం నియమాల్లోనే ఇలాంటివాటికి విడిగా ఒక విష ద్రవ్యాల జాబితా ఉంది, వాటితో చేసి లోపలికి ఇచ్చే మందు డబ్బా మీద వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక వేయాలి. నల్లేశ్వరి, గాడిదగడపాకు సంగతి ఇంకా ఘోరం. ఈ జాతి మొక్కల్లో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను మెల్లగా పాడు చేస్తుంది, మూత్ర నాళాల క్యాన్సర్ కూడా తెస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికని ఇచ్చిన మూలికల్లో ఈ జాతి మొక్క కలిసిపోయి వంద మందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. కాబట్టి ఆకు పేరు చెప్పించుకోండి, కాగితం మీద రాయించుకోండి. రేపు ఆసుపత్రిలో చేరాల్సి వస్తే అక్కడి డాక్టరుకు ముందు కావాల్సింది ఆ పేరే.

వానాకాలంలో మనవాళ్లు పసరు కోసం ఎక్కువగా పరిగెత్తేది కామెర్లకే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను. పచ్చకామెర్లు అనేది ఒక్క జబ్బు కాదు. కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్-ఎ చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది, ఏ పసరు తాగినా తగ్గుతుంది, తాగకపోయినా తగ్గుతుంది, ఊళ్లో వైద్యుడికి పేరొచ్చేది ఎక్కువగా ఇలాంటి కేసులతోనే. అదే పచ్చదనం పొలం బురదలో దిగినవాళ్లకు ఎలుక జ్వరం వల్ల రావచ్చు, దానికి యాంటీబయాటిక్ వెంటనే పడాలి, ఆలస్యమైతే కిడ్నీలు కూడా పోతాయి. పిత్తాశయంలో రాయి అడ్డుపడ్డా కళ్లు పచ్చబడతాయి, దాన్ని ఏ ఆకూ కరిగించలేదు. గర్భిణికి హెపటైటిస్-ఇ వస్తే, ముఖ్యంగా చివరి నెలల్లో, తల్లి ప్రాణానికే ముప్పు. కళ్లు చూసి ఇవన్నీ వేరు చేయడం ఎవరి తరమూ కాదు, రక్త పరీక్ష చేయాల్సిందే. నమ్మదగిన వైద్యుడు "ముందు బిలిరుబిన్ రిపోర్టు చూపించండి" అంటాడు, రక్తంలో కామెర్లు ఎంతున్నాయో చెప్పే పరీక్ష అది. రిపోర్టు అక్కర్లేదు, మూడు రోజులు ఉప్పు మానేసి పసరు తాగితే చాలు అనే మనిషిని వదిలేయండి. మనిషి మగతగా ఉన్నా, మాట తేడాగా వస్తున్నా, ఎక్కడినుంచైనా రక్తం కారుతున్నా ఆ గంటలోనే ఆసుపత్రిలో ఉండాలి. చేతి మీద వాతలు పెట్టించుకోవడం, ముక్కులో కంట్లో పసరు పోయించుకోవడం ఎవరు చెప్పినా వద్దు. 2021లో కరోనాకని కృష్ణపట్నం ఆనందయ్య మందుకు జనం ఎగబడినప్పుడు కూడా, నోటి మందుల పంపిణీకి ఒప్పుకున్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంటి చుక్కలకు మాత్రం అనుమతి ఇవ్వలేదు. పసరుతో పాటు క్రిములు కంట్లోకి వెళ్తే నల్లగుడ్డు మీద పుండు పడి చూపే పోవచ్చు.

పాముకాటుకు మాత్రం మంచి మూలికా వైద్యుడు, చెడ్డ మూలికా వైద్యుడు అని ఎంచుకోవడానికి ఏమీ లేదు. కట్టిన కట్టు, నూరిన వేరు, మంత్రం ఏవీ విషాన్ని విరచవు, ఆసుపత్రిలో ఇచ్చే యాంటీవీనమ్ ఒక్కటే విరుస్తుంది. కరిచిన పాముల్లో విషం లేనివి చాలా ఉంటాయి, విషపు పాము కూడా ఒక్కోసారి విషం దించకుండానే కరుస్తుంది, మంత్రగాడి పేరు నిలబడేది వాటి వల్లే. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరిస్తే నొప్పీ వాపూ పెద్దగా ఉండకపోవచ్చు, తెల్లారేసరికి కడుపునొప్పి వచ్చి రెప్పలు వాలిపోతాయి. "వాపు లేదు కదా, వేరు నూరి తాగు" అన్నవాడి మాట వినకండి. కరిచిన కాలు కదపకుండా 108కి ఫోన్ చేయండి. యాంటీవీనమ్ మీ దగ్గర్లో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉందో ఈ వారమే కనుక్కుని పెట్టుకోండి.

డెంగీకి బొప్పాయి ఆకు రసం తాగితే తాగండి, దాన్ని నమ్ముకుని రక్త పరీక్షలు మానకండి. చాలామందిలో ప్లేట్‌లెట్లు వాటంతటవే పెరుగుతాయి, పెద్ద ప్రమాదం జ్వరం తగ్గే రోజుల్లోనే ఉంటుంది. కడుపులో గట్టిగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే ఇంట్లో ఉండొద్దు.

ఒళ్లు నొప్పులకు, ఆయాసానికి ఇచ్చే పొడి ఒక్క రోజులోనే అద్భుతంగా పనిచేస్తే సంతోషించకండి, అనుమానించండి. అలాంటి పొట్లాల్లో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలిపినవి దొరుకుతున్నాయి. వాడేకొద్దీ ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి ఆపడం కూడా డాక్టరు చూస్తుండగానే జరగాలి. భస్మాల విషయంలో సీసం భయం ఉంది. 2004లో వచ్చిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల షాపుల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా బయటపడింది. అమెరికాలో ఉన్న పిల్లల కోసం ఇక్కడినుంచి లేహ్యాలు, గుళికలు పార్సిల్ చేసే అమ్మానాన్నలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేని డబ్బా పంపకండి.

మంచి వైద్యుడు మందిచ్చే ముందు మీరు ఇప్పటికే ఏ మాత్రలు వాడుతున్నారో అడుగుతాడు, మీ ఊళ్లో ఎవరు అడుగుతున్నారో గమనించండి. షుగర్ మాత్రల మీద పొడపత్రి తోడైతే షుగర్ మరీ పడిపోవచ్చు. బీపీ ఉన్నవాళ్లకు అతిమధురం రోజూ ఇస్తే బీపీ పెరుగుతుంది. ఫిట్స్‌కు ఫెనిటోయిన్ వాడేవాళ్లకు శంఖపుష్పి ఇస్తే ఆ మందు బలం తగ్గి ఫిట్స్ మళ్లీ రావచ్చు. మంచిదని అందరూ తాగే తిప్పతీగతో కూడా కొందరికి లివర్ దెబ్బతింది. ఇవి తెలిసిన మనిషి "ఇన్ని రోజుల్లో తగ్గకపోతే ఫలానా పరీక్ష చేయించండి, ఇది నా వల్ల కాదు" అని చెప్పగలడు. షుగర్, క్యాన్సర్, పక్షవాతం, మూర్ఛ శాశ్వతంగా పోగొడతామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం, ఆ మాట గోడ మీద రాసుకున్నవాడి గడప ఎక్కకండి.

మందు మొదలుపెట్టాక దురద, మూత్రం ముదురు రంగులోకి మారడం, కళ్లు పచ్చబడటం, తగ్గని కడుపునొప్పి, మలబద్ధకం కనిపిస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. మిగిలిన పొట్లం పారేయకుండా వెంట తీసుకెళ్లండి. తిడతారేమోనని నాటు మందు వాడిన సంగతి దాచొద్దు, ఇంట్లో పెద్దవాళ్లు దాస్తున్నారని అనుమానమొస్తే మీరైనా డాక్టరుతో చెప్పండి.