జట్టుగా ఉద్యోగం మారేటప్పుడు – పాఠం 3: రాజీనామాకు ముందు రోజులు

గత పాఠంలో నియామక పత్రంలోని షరతులను విడదీసి చదివాం. ఈసారి అదే పత్రాన్ని తీసి, రెండు రంగుల పెన్సిళ్లు దగ్గర పెట్టుకోండి. ఉద్యోగంలో ఉన్నంతకాలం వర్తించే షరతుల కింద ఎరుపు గీత, మానేశాక కూడా వెంటాడే షరతుల కింద నీలం గీత గీయండి.

అందరినీ భయపెట్టేవి నీలం గీతలే. ‘రెండేళ్ల పాటు పోటీ సంస్థలో చేరరాదు’ అన్న వాక్యం చూసి మంచి అవకాశాన్ని వదులుకున్నవారు ఉన్నారు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 27వ సెక్షన్ ప్రకారం, చట్టబద్ధమైన వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. క్రికెటర్ జహీర్ ఖాన్‌ను ఒప్పందం గడువు తీరాక కూడా కట్టిపడేయాలని చూసిన ప్రచార సంస్థకు 2006లో సుప్రీంకోర్టులో చుక్కెదురైంది. అది ఉద్యోగ వివాదం కాకపోయినా, అక్కడ నిలిచింది ఈ సెక్షనే.

ఎరుపు గీతలు అలా కాదు. నిరంజన్ శంకర్ గోలికరి టైర్లలో వాడే నూలు తయారుచేసే సెంచురీ సంస్థలో అయిదేళ్ల ఒప్పందంపై చేరి, మధ్యలోనే పోటీ సంస్థకు వెళ్లారు. మిగిలిన ఒప్పంద కాలంలో అలాంటి పని మరోచోట చేయరాదన్న ఆంక్షను 1967లో సుప్రీంకోర్టు సమర్థించింది. సెక్షన్ అదే, తీర్పు వేరు. తేడా అంతా కాలంలో ఉంది.

జట్టు విషయానికి వస్తే ఈ తేడాయే కీలకం. ఎందుకంటే జట్టును కూడగట్టే పని సాధారణంగా రాజీనామాకు ముందే, పాత సంస్థ జీతం తీసుకుంటూనే జరుగుతుంది. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ బృందం నాయకురాలు తనతో పాటు ఆరుగురిని తెస్తానని కొత్త సంస్థకు మాట ఇచ్చారనుకుందాం. వాట్సాప్ గ్రూపు పెట్టి అందరినీ ఒప్పించారు. ఎవరికి ఎంత జీతమో రాసి కొత్త సంస్థకు పంపారు. ఖాతాదారుల జాబితాను సొంత మెయిలుకు పంపుకున్నారు. ఈ మూడింటిలో ప్రతిదీ ఎరుపు గీత దాటినట్టే. ఆ జీతాల వివరాలు ఆమెకు తెలిసింది పదవి వల్ల. జాబితా అయితే ఆమెది కానే కాదు. ఏడుగురూ ఒకే రోజు ఒకే మాటలతో రాజీనామా ఇస్తే, ముందే కూడబలుక్కున్నారని చెప్పడానికి పాత సంస్థకు అదీ ఒక ఆధారం అవుతుంది.

ఇందులో నన్ను ఎక్కువగా బాధించేది జట్టులోని చిన్న ఉద్యోగుల పరిస్థితి. పెద్దలను నమ్మి వెళ్తారు, బాండు, అంటే గడువులోపు మానేస్తే ఇంత కడతానని రాసిచ్చిన హామీ, మాత్రం ఎవరిది వారిదే. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షల రూపాయలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతు చెల్లుతుందని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. గ్రాట్యుటీకి, అంటే ఉద్యోగం మానేటప్పుడు సంస్థ ఇచ్చే సొమ్ముకు, కావలసిన అయిదేళ్ల లెక్కకు కొద్ది నెలల దూరంలో ఉన్నవారికి రాజీనామాతో ఆ లెక్క తెగిపోతుంది. బాండు సొమ్ము, నోటీసు కాలపు సొమ్ము తామే కడతామని కొత్త సంస్థ నోటిమాటగా చెబితే చాలదు. ఎవరి ఆఫర్ లెటర్‌లో వారికి రాసి ఇవ్వాలి.

మరి నాయకురాలు ఏం చేయాలి? ముందు తన సంగతి మాత్రమే తేల్చుకోవాలి. నోటీసు కాలం పూర్తిగా పనిచేసి, కాగితాలన్నీ అప్పగించి, రిలీవింగ్ లెటర్ తీసుకోవాలి. ఆ తర్వాత పాత సహోద్యోగి ప్రకటన చూసి తనంతట తాను దరఖాస్తు చేస్తే అది వేరు, ఆమె ఫోన్ చేసి పిలిస్తే వేరు. సహోద్యోగులను పిలవరాదన్న షరతును నీలం గీతే కదా అని కొట్టిపారేయకండి. దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి, వకీలుకు చూపించండి.

అభ్యాసం: గత ఆరు నెలల్లో ఆఫీసు నుంచి మీ సొంత మెయిలుకు పంపుకున్నవన్నీ వెతికి, ఒక కాగితం మీద రాయండి. తొందరపడి ఏదీ చెరిపేయవద్దు, అదే మరో ఆరోపణకు దారి తీయవచ్చు. ఆ కాగితంతోనే వచ్చే పాఠం మొదలుపెడదాం.