చాట్ సర్వర్ కంపైల్ చేసే ముందు: రూట్‌గా మాత్రం వద్దు

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ యుటిల్స్ (లినక్స్‌లో ఫైళ్లు కుదించే సాఫ్ట్‌వేర్) వ్యవహారం బయటపడ్డాక చాలామంది ఉలిక్కిపడ్డారు. దాని 5.6.0, 5.6.1 టార్‌బాల్స్‌లో (సోర్స్ కోడ్‌ని కట్టగట్టి ఇచ్చే ఫైళ్లు), అందరికీ కనిపించే గిట్ కోడ్ నిల్వలో లేని ఒక బిల్డ్ స్క్రిప్టు చేరింది. కంపైల్ (సోర్స్ కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా మార్చడం) జరుగుతుండగానే అది దొంగ కోడ్‌ని లోపలికి ఎక్కించింది. చాట్ సర్వర్లకు ఈ దెబ్బ ఎప్పుడో తగిలింది. 2009 నవంబరులో అన్‌రియల్ ఐఆర్‌సీడీ అనే ఐఆర్‌సీ చాట్ సర్వర్ 3.2.8.1 టార్‌బాల్‌ని కొన్ని మిర్రర్లలో (డౌన్‌లోడ్‌కి నకళ్లు ఉంచే సైట్లలో) ఎవరో మార్చేశారు. 2010 జూన్ వరకూ ఆ సంగతి బయటికి రాలేదు. ఆ సర్వర్ ఏ యూజర్ కింద నడుస్తుంటే, చొరబడినవాడికి ఆ యూజర్ అధికారాలన్నీ దక్కాయి. ఆ యూజర్ రూట్ (సిస్టమ్‌లో అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) అయితే మెషీన్ మొత్తం పోయినట్టే.

కంపైలర్ ఉందా, డిస్క్‌లో చోటుందా అన్నవి మీరే చూసుకుంటారు. నేను చూసిన సర్వర్ల కొంప మునిగింది ఒకే చోట. కట్టిన ప్రోగ్రాంని దాని చోట పెట్టే 'మేక్ ఇన్‌స్టాల్' కమాండ్ దగ్గర 'పర్మిషన్ డినైడ్' వస్తుంది. విసుగొచ్చి ఆ కమాండ్ ముందు సుడో (రూట్ అధికారంతో నడిపించేది) తగిలిస్తారు. దాంతో బిల్డ్ ఫోల్డర్లో కొన్ని ఫైళ్లు రూట్ పేరు మీదికి పోతాయి. మరుసటి అప్‌గ్రేడ్‌కి మామూలు యూజర్‌తో మేక్ నడవదు, మళ్లీ సుడో. చివరికి సర్వర్నే రూట్‌గా నడిపేస్తారు.

అసలు ఆ అవసరమే లేదు. ఐఆర్‌సీ వాడే 6667, 6697 పోర్టులు రెండూ 1024కి పైనే, వాటిని తెరవడానికి మామూలు యూజర్ చాలు. విడిగా ఒక యూజర్‌ని పెట్టండి, ప్రిఫిక్స్‌గా (ఇన్‌స్టాల్ అయ్యే చోటు) అతని హోమ్ డైరెక్టరీ ఇవ్వండి. ఇప్పటికే పాడైతే చౌన్ కమాండ్‌తో ఫైళ్లు అతని పేరుకి మార్చి, పాత బిల్డ్ ఫైళ్లు తీసేసే మేక్ క్లీన్ కొట్టి మొదలుపెట్టండి.

ఒక్కో సిస్టమ్‌ది ఒక్కో తీరు. ఫ్రీబీఎస్‌డీలో మేక్ వేరు, గ్నూ మేక్ కావాలంటే జీమేక్ వాడాలి. మ్యాక్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ హెడర్లు సిస్టమ్‌తో రావు. హోమ్‌బ్రూ (మ్యాక్ ప్యాకేజీ మేనేజర్)తో వేసుకుని, ఆ దారి కాన్ఫిగర్‌కి (బిల్డ్‌కి ముందు సిస్టమ్‌ని పరిశీలించే స్క్రిప్టు) చెప్పాలి. ఆల్పైన్ లినక్స్‌లో ఉండే సీ లైబ్రరీ మజిల్, డెబియన్‌ది వేరు, అందుకని డెబియన్‌లో కట్టిన బైనరీని (నడిచే ప్రోగ్రాం ఫైలు) అక్కడికి కాపీ చేయకండి. ఓఎస్ అప్‌గ్రేడ్‌తో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 నుంచి 3కి మారితే పాత బైనరీ లేవదు, మళ్లీ కట్టాల్సిందే.

ఇక మిగతావి. కాన్ఫిగర్ నడపక ముందే టార్‌బాల్ మీది డిజిటల్ సంతకం సరిచూడండి, తర్వాత చూస్తే లాభం లేదు, ఆ స్క్రిప్టు ఈపాటికే నడిచేసి ఉంటుంది. చెక్‌సమ్ (ఫైలు మారలేదని చూసుకునే సంఖ్య) ఒక్కటే నమ్మకండి, టార్‌బాల్ మార్చినవాడు అదే సైట్లో ఉన్న చెక్‌సమ్ కూడా మార్చగలడు. ముక్కూమొహం తెలియని మాడ్యూల్ (సర్వర్‌కి అదనంగా చేర్చే కోడ్) కలపకండి. సర్వర్ కొత్త వెర్షన్‌కి వెళ్తే మాడ్యూల్స్ అన్నీ మళ్లీ కంపైల్ చేయండి. ఫైల్ డిస్క్రిప్టర్ల పరిమితి (సర్వర్ ఒకేసారి తెరవగల ఫైళ్లు, కనెక్షన్ల సంఖ్య) చూడండి, 1024 దగ్గరే ఉంటే జనం పెరిగాక కొత్త కనెక్షన్లు ఆగిపోతాయి. పాత బైనరీ, కాన్ఫిగ్ దాచండి. టీఎల్‌ఎస్ కీ (కనెక్షన్లను గుప్తంగా ఉంచే రహస్య ఫైలు) సర్వర్ చదవలేకపోతోందని రూట్‌గా లేపకండి, కీని ఆ యూజర్ ఒక్కడే చదివేలా కాపీ చేయండి. 'రూట్‌గా నడవను' అని సర్వర్ మొరాయిస్తే దాన్ని దాటించే ఆప్షన్ వెతకొద్దు. కంపైల్ రూట్‌గా వద్దు. ఇన్‌స్టాల్ రూట్‌గా వద్దు. ఐదు నిమిషాల టెస్టుకైనా సరే, రూట్‌గా వద్దు.