సూ వీడ్ చికెన్ గ్రిల్ మీద ఎర్రబడకపోతే: నా అనుభవం

సూ వీడ్ అంటే మాంసాన్ని గాలి తీసిన సంచిలో మూసి, ఒకే వేడిలో ఉన్న నీళ్లలో నెమ్మదిగా ఉడికించడం. అలా 63 డిగ్రీల నీళ్లలో గంటన్నర ఉంచిన చికెన్ బ్రెస్ట్ లోపల వెన్నలా ఉండేది. బొగ్గుల గ్రిల్ మీద పెడితే మాత్రం పైన తెల్లగా, ఉడకబెట్టినట్టే ఉండేది. రంగు వచ్చేదాకా ఉంచితే లోపల పీచులా ఎండిపోయేది. నూనె ఎక్కువ రాశాను, మూత పెట్టాను, తేనె పూశాను, ఏదీ పనిచేయలేదు.

అసలు అడ్డం తడి. పైన నీరున్నంతసేపూ ఆ పొర 100 డిగ్రీలు దాటదు, ఎర్రబడాలంటే 140 పైన కావాలి. అందుకని ఈసారి సంచి తీయగానే, విప్పకుండానే పది నిమిషాలు ఐసు నీళ్లలో ముంచాను. తర్వాత ముక్కలు తీసి పేపర్ టవల్‌తో అద్దాను. ఒకసారి కాదు, కాగితానికి తడి అంటనంతవరకూ, పక్కల మడతల్లో కూడా. జాలీ మీద పెట్టి, మూత లేకుండా అరగంట ఫ్రిజ్‌లో ఉంచాను. వేలితో తాకితే కాస్త జిగటగా, పొడిగా తగిలింది. అప్పుడు పల్చగా నూనె రాసి, బొగ్గులు తెల్లబడి కణకణలాడుతుండగా వాటికి నేరుగా పైన పెట్టి, అర నిమిషానికోసారి తిప్పుతూ నాలుగు నిమిషాలు కాల్చాను. చారలు పడ్డాయి, కోస్తే రసం కారింది!

నా ముక్కలు దాదాపు 4 సెంటీమీటర్ల మందం. పల్చటివాటికి ఇంతసేపు ఎక్కువేనేమో. గ్యాస్ గ్రిల్ మీద చేసి చూడలేదు. పొగ వాసన కూడా ఈ నాలుగు నిమిషాల్లో పెద్దగా పట్టలేదు.